గొంతుల దొంగ

శుక్రవారం పొద్దున ప్రార్థన గంట మోగాక బయటపడింది, పాటల జట్టులో ఒక్కరంటే ఒక్కరికీ గొంతు లేదని.

రూతు మేడం చెయ్యి పైకెత్తింది. పిల్లలు ఊపిరి పీల్చారు. నోళ్లు తెరిచారు. బయటికి వచ్చింది పాట కాదు, ఎండిన వేరుశనగ కట్టె మీద మేకల మంద నడిచినట్టు ఒకటే గరగర. మైదానంలో వరసలు కట్టి నిలబడ్డ బడి మొత్తం కిసుక్కుమంది. రూతు చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

నిన్న మధ్యాహ్నం ఇదే జట్టు పాడితే వంటగది రేకుల మీద పావురాలు లేచిపోయాయి. ఇవాళ పిచ్చుక కూడా కదల్లేదు.

రేపే అనంతపురంలో జిల్లా పోటీలు.

చింతరాళ్లపల్లి హైస్కూలు పామిడికి ఆటో దూరం. రూతు అక్కడ సంగీతం చెప్పేది వారానికి రెండు రోజులే. మిగతా రోజులు గార్లదిన్నె వైపు ఒక బడి, పామిడిలో ఒక బడి, ఆదివారం చర్చిలో పాటలు, పిలిస్తే భజన మందిరంలో హార్మోనియం. ఆమె నాయన జాకబ్ కూడా అంతే. శనివారం నాటకాలకు వాయించి, ఆదివారం పొద్దున అదే పెట్టె భుజాన వేసుకుని చర్చికి పోయేవాడు. "పెట్టెకు మతం లేదు పాపా, గాలి ఉంటే చాలు" అనేవాడు. ఆ పెట్టెతోనే రూతు ఇరవై ఏళ్లుగా బస్సులెక్కుతోంది, దిగుతోంది. ఆమె దగ్గర పాడినవాళ్లలో ఒకడు పోలీసు బ్యాండులో ఉన్నాడు, ఒకామె ధర్మవరంలో మగ్గం మీద కూర్చుని వీధంతా వినేలా పాడుతుంది.

ఇప్పుడు ఆ ఇరవై ఏళ్లకూ ఒక ముడి పడింది. ఇన్‌చార్జి హెడ్మాస్టరు దేవేంద్ర లెక్కల మేష్టారు. చూపుడు వేలు ఆడించకుండా, చివర "పక్కానా?" అనకుండా ఏ మాటా ముగించడు. పోయిన నెల స్టాఫు రూములో అందరి ముందూ తేల్చేశాడు.

"చూడండి మేడం. జిల్లాలో ఏదో ఒక బహుమతి తెస్తే సంగీతం పీరియడ్ ఉంటాది. లేదంటే ఆ పీరియడ్ లెక్కలకు. పక్కానా?"

"పక్కా సార్" అంది రూతు. ఇంకేమంటుంది?

ఆయనకు సంగీతం మీద పాత కోపం ఒకటుంది. రూతు పిల్లలను వరండాలో వెల్లకిలా పడుకోబెట్టి, పొట్ట మీద లెక్కల పుస్తకం పెట్టి, ఊపిరి తీసినప్పుడల్లా పుస్తకం పైకి లేవాలనేది. పాట గొంతులోంచి కాదు, కడుపులోంచి రావాలని ఆమె సూత్రం. ఆ వరస చూసినప్పుడల్లా దేవేంద్రకు ఒళ్లు మండేది. "లెక్కల పుస్తకం తలలోకి దిగాల గానీ, కడుపు మీదికి ఎక్కితే ఎట్లా మేడం?" అనేవాడు.

ప్రార్థన ఎలాగో ముగిసింది. రూతు జట్టును వరండా మూలకు తోలుకుపోయింది.

"ఏమయింది మే జయంతీ? గొంతు యాడ పారేసుకున్నావు?"

జయంతి జట్టుకు ముందు గొంతు. ఆ పిల్ల పక్కనున్న ఆంజి మొహం చూసింది. ఆంజి నేల చూశాడు. మిగతావాళ్లు ఒకరి వెనక ఒకరు దాక్కుని నవ్వులు మింగారు.

"చెప్పకూడదు మేడం" జయంతి గరగరలాడింది. "చదువు మీద ఒట్టు పెట్టినాం."

"ఎవరు పెట్టించినారు?"

"అది చెప్పకూడదనే మేడం, ఒట్టు."

దొంగ ఎవరో గాని తెలివైనవాడే. రూతు పిల్లలను కింది నుంచి పైకి ఒకసారి చూసింది. చెప్పులకు ఎర్రమట్టి. ఆంజి జేబు ఉబ్బెత్తుగా ఉంది. చెయ్యి పెట్టి లాగితే ఉడకేసిన శెనక్కాయల పొట్టు గుప్పెడు వచ్చింది. చుట్టుపక్కల ఊళ్లన్నిటా ఇవే కాయలు, ఇదే మట్టి. ఆ ఆధారంతో దొంగను పట్టాలంటే జిల్లా మొత్తాన్ని నిలబెట్టి అడగాలి.

అయినా ఊరుకోలేదు. ముందు గేటు దగ్గర ఐసు అమ్మేవాడి మీద పడింది.

"నిన్న ఐసులు ఎన్ని మింగినారప్పా వీళ్లు?"

"నిన్న నేను పామిడి సంతకు పోయింటి కదమ్మా! నా బండి లేదని ఈ పిల్లనాయాండ్లే పొద్దున నన్ను తిట్టినారు. ఆ తిట్లు కూడా సగమే వినపడినాయి."

తర్వాత వంటగది. మధ్యాహ్న భోజనం వండే హనుమక్క గరిటె నడుమున పెట్టుకుని నిలబడింది.

"నా సాంబారు మీద అనుమానమా రూతమ్మా? నా చేతి కారానికి కండ్లలో నీళ్లు వస్తాయి గానీ గొంతు పోదు. గొంతు పోయేదుంటే ముందు మా ఇంటాయనకు పోవాల. ఆయప్ప ఇంగా అరస్తానే ఉండాడు."

మిగిలింది హెడ్మాస్టరు గది. రూతు తలుపు దగ్గరికి వచ్చేసరికి దేవేంద్ర కుర్చీలో లేడు. కిటికీలోంచి వరండా వైపు తొంగి చూస్తున్నాడు. ఆమెను చూసి ఉలిక్కిపడ్డాడు.

"సార్, పిల్లలకు గొంతు పోయింది."

"తెలుసు. అంటే... ప్రార్థనలో విన్నా కదా." ఆయన గ్లాసు ఎత్తి దించాడు. అందులో నీళ్లు లేవు. "మిరియాల కషాయం పెట్టమని హనుమక్కకు చెప్తా. బెల్లం వేసి. రేపటికి వచ్చేస్తాది కదా మేడం? గొంతు అట్లా ఒక రాత్రిలో వచ్చేదేనా?"

"మూడు నాలుగు దినాలు పడతాది సార్."

దేవేంద్ర మొహం పాలిపోయింది. రూతుకు అది నటనలాగే కనపడింది. పీరియడ్ చేతికొస్తోందన్న సంతోషం దాచుకోలేక అవస్థ పడుతున్నాడనుకుంది.

"మీకేం సార్" అంది గుమ్మంలో ఆగి, "సోమవారం నుంచి ఇంగొక గంట లెక్కలు చెప్పుకోవచ్చు."

ఆయన ఖాళీ గ్లాసు మళ్లీ ఎత్తాడు. ఆ రోజు "పక్కానా?" అనే మాట ఆయన నోట ఒక్కసారి కూడా రాలేదు. రూతు దాన్ని గమనించింది. ఎందుకో మాత్రం తెలియలేదు.

మధ్యాహ్నం కషాయం తాగిన జట్టు చింతపండు తిన్న మొహాలు పెట్టుకుని వచ్చి కూర్చుంది. రూతు హార్మోనియం తెరిచింది. నెల రోజులుగా నేర్పిన పాట పైస్థాయిలో ఉంటుంది. జయంతి మొదటి మెట్టు ఎక్కబోయి జారింది. రెండోసారి ఆంజి ప్రయత్నించాడు. తుప్పు పట్టిన బావి గిలక తిరిగినట్టు వచ్చింది. అందరూ నవ్వారు. రూతుకు ఏడుపొచ్చింది. పెట్టె మూసేసింది.

"మేడం" అంది జయంతి బిక్కమొహంతో, "నా గొంతు అచ్చం మా అవ్వ గొంతు మాదిరే ఉండాది. పొద్దున కాఫీ అడిగితే, అవ్వే అడిగిందనుకొని మాయమ్మ చక్కెర లేకుండా ఇచ్చింది."

రూతు తల ఎత్తింది.

"మీ అవ్వ ఏం మాట్లాడతాది మే, పొద్దస్తమానం?"

"మాట్లాడదు మేడం. తిడతాది."

"ఎవర్ని?"

"మోడాల్ని. వాన ఇయ్యకుండా పోతాయి కదా, అరుగు మీద కూర్చొని చెయ్యి పెట్టి తిడతాది."

"మాయవ్వ కూడా!" అన్నాడు ఆంజి. "మా జేజి ఇంగా గట్టిగా" అంది మరో పిల్ల. ఒక్కసారిగా వరండా నిండా ముసలి గొంతులు. రూతు హార్మోనియం మళ్లీ తెరిచింది. ఈసారి వేళ్లు కింది స్థాయిలో పెట్టింది, గరగరకు సరిపోయే చోట. పిల్లలు తలా ఒక తిట్టు తెచ్చారు. ఆమె వాటిని తాళంలో కూర్చింది. సాయంత్రానికి పాట ఒకటి నిలబడింది.

*ఏమప్పా మోడప్పా, యాడికి పోతాండావు?*
*బళ్లారిలో కురిసి కురిసి కాళ్లు నొచ్చినాయా?*
*మా చేను గట్టుకొస్తే మర్యాద పోతాదా?*
*ఆకాశం నీ అబ్బ సొత్తా? దిగి రా, దిగి రా!*

"కర్ర ఉండాల" అంది హనుమక్క. ఎప్పుడొచ్చిందో, గరిటెతోనే వరండా అంచున నిలబడింది. "కర్ర నేలకు కొట్టకుండా తిడితే అది తిట్టే కాదు."

నిజమే. పిల్లలు కట్టెల కుప్ప మీద పడ్డారు. "దిగి రా" అన్నచోట కర్రలన్నీ ఒకేసారి నేలను గుద్దాయి. ఎనిమిదో తరగతి కిటికీలోంచి తలలు బయటికొచ్చాయి. గొంతు చాలనిచోట కర్ర పలికింది. రూతు పొద్దుటి నుంచీ మొదటిసారి నవ్వింది.

కాని దొంగ ఇంకా దొరకలేదు.

పొద్దు వాలుతుండగా ఆమె పామిడి ఆటో ఎక్కింది. ఊరు దాటాక గొర్రెల మంద అడ్డమొచ్చి ఆటో ఆగింది. డ్రైవరు ఇంజను ఆపాడు. ఆ నిశ్శబ్దంలో, కొండ వైపు చేలల్లోంచి వినపడింది.

స రి గ మ ప ద ని స!

రూతు చెవులు రిక్కించింది. మళ్లీ వచ్చింది. గట్టిగా, నిండుగా, కడుపులోంచి. జయంతి గొంతు. ఆంజి గొంతు. తన జట్టు మొత్తం! పొద్దున పోయిన గొంతులన్నీ ఎర్రటి చేను మధ్య నిలబడి పాడుతున్నాయి.

"రెండు నిమిషాలు ఉండప్పా" అని ఆటో దిగి గట్టు మీద పరుగందుకుంది.

చేనంతా వేరుశనగ. ఈ ఏడు వాన అదను మీద పడింది. ఆకు ముదురు పచ్చగా ఉంది. మొక్క మొదట మట్టి నెర్రెలిచ్చి కాయ ఊరిందని చెబుతోంది. మధ్యలో ఒక మంచె, దానికి కట్టిన మైకు, కింద బ్యాటరీ. సరిగమలు ఆ మైకులోంచి వస్తున్నాయి.

మంచె మీద దుప్పటి కదిలింది. "ఎవరా అది? పందివైతే పో, మనిషివైతే పలుకు!"

"మనిషినే అన్నా. బడిలో సంగీతం చెప్పే టీచర్ని."

దుప్పటిలోంచి ఒక మనిషి గబగబా దిగి రెండు చేతులూ జోడించాడు. కాపలాకుండే మద్దిలేటి.

"మీరేనా మా? మీ కడుపు చల్లగుండ! రాత్రి చేన్లోకి ఒక్క అడవి పంది దిగలేదు. ముందు పందుల్ని బెదిరించేదానికి అంగట్లో కొన్న అరుపుల చిప్పు ఈ మైకుకు వేసినాం. రెండు దినాలు బెదిరినాయి. మూడో దినం మైకు కిందే కూర్చొని తిన్యాయి, పెండ్లి భోజనం మాదిరి. ఈ పిల్లోళ్ల సరిగమకు మాత్రం, కొండ ఎక్కిన పంది కొండ మీదే ఉండిపోయింది."

"పిల్లోళ్లతో ఇది పాడించింది ఎవరు?"

"నిన్న సాయంత్రం ట్రాక్టర్లో వచ్చినారు మా. శెనక్కాయలు ఉడకేసి పెట్టినాం. ఒకటే సంబరం. చీకటి పడేదాకా అరిచినారు, చాలన్నా ఆపలే."

"అది కాదన్నా. ఈ చేను ఎవరిది?"

మద్దిలేటి ఆకాశం చూశాడు. నేల చూశాడు.

"చేను భూమితల్లిది మా. నేను కాపలావాన్ని."

ఇతనికీ ఒట్టే! రూతు ఫోను తీసి మైకు వైపు పట్టి రికార్డు చేసింది. సరిగమలు అయిపోయాయి. పిల్లల నవ్వులు వినపడ్డాయి. వాటి వెనక, రికార్డు ఆపడం మరిచిపోయిన ఎవరిదో మగ గొంతు మెల్లిగా వచ్చింది.

"ఇంగొక్క తూరి. కడుపులోంచి రావాల. పక్కానా?"

రూతు రికార్డు ఆపింది. ముందు కోపం ముంచుకొచ్చింది. కడుపులోంచి అనే తన సూత్రం ఆయన నోట వినేసరికి ఆ కోపం సగంలోనే తడబడింది. ఆటో హారను మోగింది.

రేపు పోటీల దగ్గర జిల్లా అధికారులుంటారు. ఫోను ఒక్కసారి నొక్కితే చాలు, దేవేంద్ర సారు కుర్చీ కదిలిపోతుంది. దాంతో పీరియడ్ దక్కుతుందా? దక్కినా, బెదిరించి తెచ్చుకున్న పీరియడ్‌లో పిల్లలతో ఏం పాడిస్తుంది? గొంతు పోయినా పాట నిలబడిందని చూపించాలి, అంతే. ఒట్టు పెట్టించినవాడే ఒట్టు విప్పాలి. రూతు ఫోను సంచిలో వేసుకుంది.

శనివారం అనంతపురం. హాలు కిక్కిరిసి ఉంది. తళుకుల పరికిణీలు, గాజులు, పెద్ద బడుల పిల్లల మెరుగు గొంతులు. ఒక జట్టును మించి ఒకటి పైస్థాయిలో పాడిపోతున్నాయి. న్యాయనిర్ణేతల్లో ఒకాయన కళ్లజోడు తీసి తుడుచుకోవడం ఇది నాలుగోసారి.

దేవేంద్ర కూడా వచ్చాడు. పక్క గోడకు ఆనుకుని నిలబడ్డాడు, పరీక్ష రాయబోయేది తానే అన్నట్టు. రూతు ఆయన వైపు చూసినప్పుడల్లా చూపు తిప్పుకున్నాడు.

పిలుపు వచ్చింది. వేదిక మీదికి యూనిఫారం మీద పాత చీరలు చుట్టుకుని, నడుములు వంచి, కర్రలు టకటకలాడిస్తూ ఒక ముసలమ్మల గుంపు ఎక్కింది. ఆంజి అందరికన్నా ఎక్కువ వంగాడు. హాల్లో ఎవరో నవ్వారు. జయంతి కన్నుల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని, హాలు పైకప్పు వైపు, అచ్చం అవ్వలా చూసింది.

"ఏమప్పా మోడప్పా!"

ఆ గరగరకు ముందు వరస తలలన్నీ పైకి లేచాయి. ఇంత చిన్న పిల్లలో అంత ముసలి గొంతు ఎలా వచ్చిందో ఎవరికీ అర్థం కాలేదు. మరుక్షణం "బళ్లారిలో కురిసి కురిసి" అనగానే వెనక వరసలోంచి ఈల వచ్చింది. "ఆకాశం నీ అబ్బ సొత్తా? దిగి రా!" అన్నప్పుడు కర్రలన్నీ చెక్క వేదికను ఒక్కసారిగా గుద్దాయి. ధన్! కింద కూర్చున్నవాళ్ల కాళ్లకు ఆ దెబ్బ తెలిసింది. రెండో చరణానికి హాలంతా కాలితో తాళం. మూడోసారి "దిగి రా, దిగి రా" అన్నది పిల్లలు కాదు, జనం. కళ్లజోడాయన తుడుచుకోవడం మరిచి, బల్ల మీద పెన్నుతో కొడుతున్నాడు.

వేదిక పక్క నిలబడి హార్మోనియం వాయిస్తున్న రూతుకు వేళ్ల కింద మెట్లు కనపడలేదు. కళ్లు అంతగా నిండిపోయాయి. పెట్టె గాలి పీల్చుకుంటూనే ఉంది.

రెండో బహుమతి ప్రకటించారు. పిల్లలు ఎగిరి గంతేసి, నోళ్లు బార్లా తెరిచి అరిచారు. చప్పుడే రాలేదు. ఆ చప్పుడు లేని కేక చూసి హాలు మళ్లీ చప్పట్లు కొట్టింది.

బొరుగుల ఉగ్గాని తినిపిస్తానని దేవేంద్రే అందరినీ పక్క వీధి హోటలుకు తీసుకుపోయాడు. పిల్లల ముందు ప్లేట్లు పెట్టించాడు. "బజ్జీ వద్దు, గొంతుకు మంచిది కాదు" అని ఒక్కొక్క ప్లేట్లోంచి మిరపకాయ బజ్జీ తానే తీసేశాడు. ఆంజి ప్రాణం విలవిల్లాడింది. రూతు సంచిలో చెయ్యి పెట్టి ఫోను తాకింది. తియ్యలేదు. ఎదురుగా కూర్చుని ఉగ్గాని తింటూ ఆయన్నే చూసింది. పిల్లలూ తినడం ఆపి ఆయన్నే చూశారు.

దేవేంద్ర ప్లేటు పక్కకు నెట్టాడు. లేచి నిలబడ్డాడు. చూపుడు వేలు అలవాటుగా లేచింది. ఏం చెయ్యాలో తోచక మళ్లీ దిగింది.

"ఏమట్లా చూస్తారప్పా అందరూ? చెప్తా. ఒట్టు నేనే పెట్టిస్తి, నేనే విప్పుతాండా. మేడం, మీ పిల్లోళ్ల గొంతు తీసింది నేనే. ఆ చేను నాదే. పదేండ్లలో ఇట్లాంటి పంట చూడలే మేడం. గంపకు గంప కాయ ఊరింది, రాత్రయితే పందులు. కొన్న చిప్పు పని చెయ్యలే. నా గొంతు రికార్డు చేసి పెడితిని. 'సార్, మీ గొంతుకు పందులు నిద్రపోతాండాయి' అన్యాడు మద్దిలేటి. నా క్లాసులో పిల్లోళ్లూ అంతే కదా, ఏం దాచేది! మొన్న మధ్యాహ్నం ఆఫీసులో కూర్చోనుంటే మీ జట్టు సరిగమ ఎత్తుకునింది. నా చేతిలో టీ గ్లాసు జారిపోయింది. అప్పుడే అనుకుంటి, మనిషే ఇట్లా అదిరితే పంది ఎంత అని. మిమ్మల్ని అడగడానికి మొగం చెల్లలే. పీరియడ్ తీసేస్తానన్న మనిషిని, మీ పాట కావాలని ఎట్లా అడిగేది? అందుకే ట్రాక్టర్లో ఎక్కించుకొని పోతి. లెక్క ఎంత రుద్దితే అంత పదునెక్కుతాది కదా, గొంతు కూడా అంతే అనుకుంటి. ఇంగొక తూరి, ఇంగొక తూరి అని అరిపిస్తి. అది అరిగిపోతాదని నాకేం తెలుసు? నిన్న ప్రార్థనలో ఆ గరగర విన్నప్పటి నుంచి ముద్ద దిగలే. బహుమతి రాకున్నా పీరియడ్ తీసేవాణ్ణి కాదు, మా అమ్మ తోడు. సోమవారం నుంచి సంగీతం వారానికి రెండు కాదు, మూడు గంటలు. లెక్కల గంటలోంచే ఇస్తా. పుస్తకాలు కడుపు మీద పెట్టుకోండి, నెత్తిన పెట్టుకోండి, నేనేమీ అనను. తప్పు నాది, పక్కా. ఇంగొక్క మాట మేడం, కోపం చేసుకోవద్దు. పందులు మన పిల్లోళ్లకన్నా తెలివైనవి, వారం దినాలు పోతే సరిగమ కూడా వాటికి అలవాటైపోతాది. పిల్లోళ్ల గొంతు బాగయినాక, మీరు దగ్గరుండి, మీరు చాలన్నప్పుడు ఆపి... ఆ అవ్వల తిట్ల పాట ఒక్కటంటే ఒక్క తూరి మా చేన్లో రికార్డు చేసుకోనిస్తారా?"